కాగితంలో చుట్టిన పిల్ల

లోడు దిగేసరికి పన్నెండు దాటింది. నలభై టార్పాలిన్లలో మూడింటికి అంచు రింగులు ఊడిపోయి ఉన్నాయి. కొట్టుయజమాని వాటిని పక్కకి లాగించి, డ్రైవరుతో గొంతు చించుకుని, ఒక్కోదానికి రెండొందలు తగ్గించుకున్నాకే సంతకం పెట్టాడు. సరుకు దించిన మనిషి తన నాలుగొందల కూలి కోసం గుమ్మం దగ్గర చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. అడక్కముందే కూలి ఇవ్వడం ఆ కొట్లో ఎప్పుడూ లేదు.

శనివారం ఒంటిపూట బడి కావడంతో యజమాని పదకొండేళ్ల కూతురు తాళ్ళ చుట్ట మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ఇంట్లో ఆ పిల్లని అమ్మలు అంటారు.

ఇంతలో కారు ఆగింది. దిగినవాడు చర్చి సంఘపెద్ద. లారీల ఆసామి. ఈ కొట్టు బేరంలో సగం ఆయనదే.

"ఏమయ్యా, నా సరుకేనా ఇది? రేపు ఆరాధనకి పెద్ద అతిథులొస్తున్నారు. కొత్త హాలుకి చందాలు రాలాలి. పాప మీకు దొరికిన సంగతి మీద నీ సాక్ష్యం పెట్టించా."

"అలాగేనండి."

"పోయినేడు మరీ గబగబా లాగించేశావు. ఆ కాలవగట్టూ, ఆ కాగితమూ కాస్త నిదానంగా చెప్పు. జనం కళ్ళు తడవాలి." ఆయన అమ్మలు వైపు తిరిగాడు. "ఏమ్మా, కాగితం పిల్లా! తెల్లగౌను వేసుకుని ముందు బెంచీలో కూర్చో. నాన్న పిలవగానే లేచి నుంచోవాలి. తెలిసిందా?"

అమ్మలు చేతిలో పెన్సిలు ఆగిపోయింది. నాన్న నవ్వాడు. బేరానికి నవ్వే నవ్వే అది.

కారు వెళ్ళిపోయాక అమ్మలు అడిగింది. "నాన్నా, నన్ను నిజంగా పేపర్లో చుట్టి పడేశారా?"

"ముందు లెక్కలు చూసుకో."

"బళ్ళో కూడా అలాగే పిలుస్తున్నారు. చిత్తుకాగితం కనిపిస్తే చాలు, 'మీ అమ్మ పంపిందే' అని నా మీదకి విసురుతున్నారు." లెక్కల పుస్తకం మూసి, "అది ఏ రోజు పేపరు నాన్నా? దాచావా?" అంది.

లేని కాగితాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాడు?

మొదటి ఏడు మందిరంలో ఉన్నది ఉన్నట్టు రెండు ముక్కల్లో చెప్పాడు. ఎవరూ ఆమెన్ అనలేదు. మరుసటేడు 'ఇచ్చారు' అనబోయి 'దొరికింది' అన్నాడు. వెనక ఎవరో ముక్కు చీదారు. ఆ పైయేడు కాలవగట్టు వచ్చి చేరింది, తర్వాత తడిసిన కాగితం, ఆ తర్వాత చీమలు. చీమలు వచ్చిన వారమే లారీల ఆసామి మొదటిసారి కొట్టు మెట్లెక్కాడు. సరుక్కి మెరుగు పెట్టడం వ్యాపారికి కొత్త కాదు. అమ్ముతున్నది ఏమిటో ఆలోచించలేదు, అంతే.

నిజంగా జరిగింది వేరు. అమ్మలుని కన్నతల్లి మిల్లులో కూలి మనిషి. మొగుడు పోయాడు, తనకేమో దగ్గితే నెత్తురు పడేది. పిల్లల్ని దత్తతిచ్చే ఆఫీసు వాళ్ళ వెంట వీళ్ళ ఇల్లు చూడ్డానికి ఆమే స్వయంగా వచ్చింది. పరుపు నొక్కి చూసింది. కిటికీ తెరిచి గాలి ఎటునుంచి వస్తుందో చూసింది. పాలు ఎవరు తెస్తారని అడిగింది. చివరికి అతని వైపే తిరిగి, "రాత్రి ఏడిస్తే లేచేదెవరండీ?" అంది. ఇన్నేళ్ల వ్యాపారంలో ఎవరూ అతన్ని అంత జాగ్రత్తగా తూచి చూడలేదు. "నేను లేస్తాను" అన్నాడు. అప్పుడు గానీ ఆమె బిడ్డని అతని చేతుల్లో పెట్టలేదు.

లేచాడు కూడా. ఆ మాట తప్పలేదు. కానీ ఆ తల్లిని మాత్రం ఏడాదికోసారి నలుగురిలో నిలబెట్టి, బిడ్డని కాలవగట్టున పారేసిన మనిషిని చేశాడు. పిల్ల ముందు బెంచీలో కూర్చుని ప్రతిసారీ వింది.

ఆదివారం అమ్మలు తెల్లగౌను వేసుకోనంది. పెంచిన తల్లి బలవంతపెట్టలేదు. బడి యూనిఫాంతోనే తీసుకొచ్చింది.

పిలవగానే అతను మైకు అందుకున్నాడు. "పదకొండేళ్ల కిందట మాకీ పాప..." 'దొరికింది' అన్న మాట అలవాటు కొద్దీ నాలుక మీదికి వచ్చేసింది. అమ్మలు అప్పుడే లేవడానికి బెంచీ అంచు పట్టుకుంది. తల వంచుకునే ఉంది.

"లేవకమ్మా," అన్నాడు మైకులోనే. "ఈ పాప మాకు దొరకలేదండీ. వాళ్ళమ్మ మమ్మల్ని చూసుకుని, నమ్మి, ఇచ్చింది. కాలవ లేదు. కాగితం లేదు. అదంతా నేను అల్లింది."

ఎవరూ ఆమెన్ అనలేదు. సంఘపెద్ద అతిథుల వైపు నవ్వుతూనే ముందుకి వంగి, పళ్ళు బిగించి అన్నాడు. "ఏంటయ్యా ఈ పిచ్చి? వచ్చి కూర్చో. నీ లోడు సంగతి రేపు మాట్లాడదాం."

అతను కదల్లేదు. అప్పుడు, ఎవరూ లెమ్మనకుండానే, అమ్మలు లేచి నిలబడింది.

"ఆవిడ పేరేంటి నాన్నా?"

ఆ రోజు అతను ఆమెని పేరు అడగలేదు. తర్వాత ఆఫీసు గుమాస్తా ఆ పేరున్న కాగితం ఇవ్వబోతే, "అది మాకెందుకండీ" అని వెనక్కి నెట్టింది కూడా అతనే.

అతని ఊపిరి చప్పుడు మైకులోంచి హాలంతా వినిపిస్తోంది. అమ్మలు కూర్చోలేదు.