కింద పెట్టిన కప్పు

అరబ్బు దేశపు కరక్ ఊళ్లో తగవు తీర్చాలంటే దైఫుల్లానే రావాలి. పగ ముదిరిన ఇంటికి వెళ్లి, పోసిన కాఫీ ముట్టకుండా కింద పెట్టేవాడు. అడిగింది ఇస్తామనేదాకా తాగడు. అతిథి కప్పు చల్లారితే ఆ ఇంటి పరువు పోయినట్టే. అలా నలభై తగవులు తెంపిన మొనగాడు తన కడుపు దగ్గరికొచ్చేసరికి మొండికేశాడు.

తమ్ముడు సులేమాన్ పేగు క్యాన్సర్‌తో పోయాడు. తెలిసేసరికే అది కాలేయానికి పాకింది. సులేమాన్ కూతురు తహానీ ఆస్పత్రిలో నర్సు. ఆమె పోరు పడలేక దైఫుల్లా మల పరీక్ష చేయించుకుంటే, కంటికి కనబడని రక్తం పడుతోందని తేలింది. కింది నుంచి గొట్టం పెట్టి పేగు లోపల చూడాలన్నారు.

"ఇంత బతుకు బతికి ఆ పని చేయించుకోనా? పో, పో! రాయిలా ఉన్నాను," అని కసిరాడు.

శుక్రవారం నమాజు తర్వాత ఇంటినిండా బంధువులు. తహానీకి ఆయనే ఏలకుల కాఫీ పోసి ఇచ్చాడు. ఆమె అందుకుని కింద పెట్టేసింది.

"ఇదేంటే? ఇంటి పిల్లవి, నాకే కప్పు పెడతావా?"

"పెళ్లయి వేరే ఇంటికి పోయాను కదా పెద్దనాన్నా. ఇప్పుడు అతిథినే. మిమ్మల్ని ఒకటి అడగాలని వచ్చా."

అదేమిటో నలుగురిలో చెప్పలేదు. తన పరువును ఆమె ఎంత జాగ్రత్తగా కాపాడిందో దైఫుల్లాకు అర్థమైంది. కోపం వచ్చింది. దాని వెనకే గర్వమూ వచ్చింది. ఇంత నేర్పుగా తనే ఏనాడూ కప్పు పెట్టలేదు.

"తాగు తల్లీ. ఇచ్చాను."

పరీక్షకు ముందురోజంతా నీళ్లూ, యాపిల్ రసమూ, కడుపు కడిగే మందూ. మత్తులో ఉండగానే పరీక్ష అయిపోయింది. చిన్న గడ్డ దొరికింది. ముక్క తీసి చూస్తే క్యాన్సరే. పేగు జానెడు కోసి తీసేశారు. పక్క గ్రంథులకు పాకలేదు కాబట్టి కీమో అక్కర్లేదని, ఏడాదికి మళ్లీ లోపల చూడాలని డాక్టరు చెప్పాడు. "మీ తోడబుట్టినవాళ్లూ చూపించుకోవాలి," అన్నాడు.

మిగిలింది చిన్నతమ్ముడు అవాద్. మొండితనంలో అన్నకు తీసిపోడు. రెండు నెలలకు దైఫుల్లా తహానీనీ, బంధువులనూ వెంటబెట్టుకుని వాడింటికి వెళ్లాడు. కాఫీ వచ్చింది. కప్పు కింద పెట్టాడు.

అవాద్ నవ్వాడు. "ఇవాళ ఎవరి తగవన్నా? అడుగు."

ఇలాంటి చోట మాట్లాడేది వచ్చినవాళ్లలో పెద్దే. దైఫుల్లా గొంతు సవరించుకున్నాడు.

"నా పేగు జానెడు కోసేశార్రా. అందుకే బతికున్నా. చెప్పడానికి నాకేం సిగ్గులేదు."

ఆ తర్వాత పక్కకు జరిగి, తహానీని తన చోట కూర్చోబెట్టాడు.

"ఇవాళ మా పెద్ద ఈమె. అడిగేది ఈమే."