అసిరమ్మ పెట్టించిన గ్రీకు బడి

చీపురుపల్లి దగ్గర ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి గ్రీసు దేశం నుంచి వచ్చిన ఇంజనీరుగారి కూతురి పేరు వాసిలికి. ఆరేళ్లది. రెండేళ్లప్పటి నుంచి దాన్ని చంకనేసుకుని పెంచింది ఆయా అసిరమ్మే. పెంపకం ఎక్కడికి పోతుంది? "అత్తా, ఆకలేస్తన్నాది, గెంజన్నం ఎట్టవేటి?" అని ఆ దొరల బిడ్డ అడుగుతుంటే క్వార్టర్లలో జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు.

తల్లి దేస్పినాకి మాత్రం నవ్వు రాలేదు. ఓడ మీద తెప్పించిన గ్రీకు వాచకం ముందేసి రోజూ మధ్యాహ్నం వరండాలో కూర్చోబెట్టేది. పిల్ల ఏడుపు లంకించుకునేది.

"ఎవులూ నేర్సుకోరు. నానొక్కద్దాన్నే ఎందుకు నేర్సుకోవాల?"

అరవయ్యెనిమిదో సంవత్సరం చివర్లో గ్రీసు నుంచి నాయనమ్మ ఉత్తరం వచ్చింది. ఈస్టరులోగా మనవరాలు తన చేత్తో గ్రీకులో ఉత్తరం రాయాలి. లేకపోతే పిల్లని పంపెయ్యండి, ఇక్కడ నేనే బడిలో వేస్తానని. వచ్చీరాని తెలుగులో దేస్పినా ఆ సంగతి చెప్పేసరికి అసిరమ్మకి ఆ పూట ముద్ద దిగలేదు.

రెండు రోజులు ఆలోచించి, లోపం ఎక్కడుందో కనిపెట్టింది. పలకా బియ్యమూ లేకుండా, పప్పుబెల్లాలు పంచకుండా మొదలెట్టిన చదువు వంటపడమంటే ఎలా పడుతుంది? మంచిరోజు చూసి పిల్లకి తలంటు పోసి, పళ్లెంలో బియ్యం పరిచి, క్వార్టర్ల పిల్లగుంటలు పదిమందిని పిలిచి తలో పలకా బలపం చేతిలో పెట్టింది. నిద్రలేచి వచ్చిన దేస్పినా తెల్లబోయి నిలబడింది.

"సూత్తారేటమ్మగారూ? గుంట సెయ్యట్టి రాయించండి. మీ అచ్చరమే!"

దేస్పినా కూతురి వేలు పట్టుకుని బియ్యంలో మొదటి అక్షరం దిద్దించింది. పదిమందీ చూసి పలకల మీద దించారు. అక్కడితో అయిపోయిందనుకుంది అసిరమ్మ. ఆ ముక్క పిల్లలకి చెప్పడం మరిచిపోయింది. పలక ఇచ్చిన చోటే బడి అని వాళ్ల లెక్క. మర్నాడు పదిమందీ నీళ్లతో తడిపిన గుడ్డముక్కలతో సహా వరండాలో బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. వెంట తమ్ముళ్లూ చెల్లెళ్లూ.

దేస్పినా వాళ్లని పొమ్మనలేదు. గోల ఆపడానికి అసిరమ్మ కూడా చివర్న ఒక పలక పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. ఇక వాసిలికి ఊరుకుంటుందా? ఇంతమందికి రాకముందే తనకి రావాలి! నెల తిరక్కుండా పెత్తనం తనదే. అందరికన్నా మొద్దు అసిరమ్మ. అయిదక్షరాలు ఎలాగో ఈడ్చింది గానీ, మెలికల ఆరో అక్షరం దగ్గర చతికిలబడింది.

"అలా కాదే అత్తా! సెయ్యి ఇలా తే!" అని ఆ చిన్న చెయ్యి తన మోటు చేతిని పట్టుకుంటే అసిరమ్మకి ప్రాణం లేచొచ్చేది.

ఈస్టరు వారం ఉందనగా వాసిలికి గది తలుపేసుకుని ఒక్కతీ ఉత్తరం రాసింది. అది చదువుతూ దేస్పినా కళ్లు తుడుచుకుంది. అసిరమ్మ పరుగున దగ్గరికొచ్చింది.

"తప్పులున్నాయేటమ్మగారూ? గుంటని అట్టికెల్లిపోతారేటి?"

దేస్పినా ఉత్తరంలో ఉన్నది ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ తెలుగులో చెప్పింది. "నాయనమ్మా, నాకు రాయడం వచ్చింది. అయినా నేను ఇప్పుడు రాలేను. అసిరమ్మత్తకి ఇంకా ఆరో అక్షరం రాలేదు. నేను వచ్చేస్తే దానికి ఎవరు నేర్పుతారు?"

అసిరమ్మ పిల్లని ఒళ్లోకి లాక్కుని బావురుమంది. ఉత్తరం ఆ రోజే పోస్టులో పడింది.

మర్నాడు బడిలో, పరధ్యానంగా ఉన్న అసిరమ్మ చెయ్యి ఆరో అక్షరాన్ని మెలికలతో సహా తప్పులేకుండా రాసేసింది. పలక కేసి చూసుకుని ఉలిక్కిపడింది. వాసిలికి ఇటు తిరిగేలోగా కొంగుతో గబగబా తుడిచేసింది.

"రానేదే తల్లీ," అంది. "మళ్లీ సెయ్యట్టి రాయించు."