పొగ రాని బ్యాటరీ

నేను ఒక లిథియం బ్యాటరీని. ఏ దేశపు గనుల్లోంచో తవ్విన మట్టి నాలో ఉంది. తవ్వినవాళ్ళ ఊసు నా స్టిక్కరు మీద లేదు, పచ్చటి ఆకు బొమ్మ మాత్రం ఉంది. మాలో రెండు తెగలు. ఇనుము తెగవాళ్ళు బరువు, కానీ నిదానస్తులు. మాది కోబాల్టు తెగ. మేం తేలిక, ఒక్క ఛార్జింగుతో ఎక్కువ దూరం పోతాం, కోపం కూడా ఎక్కువే. మొదటి రెండూ షోరూములో చెబుతారు. మూడోదానికి వచ్చేసరికి టీ తెప్పిస్తారు.

నన్ను ఏరుకున్నది చిలకలూరిపేట నాగరత్నం. ఆమె మొగుడు ఆదెయ్య ఇరవై రెండేళ్ళు డీజిల్ ఆటో తోలి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఇంకొక్కసారి గట్టిగా పొగ పడితే మనిషి దక్కడని డాక్టరు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు. అప్పట్నించీ నాగరత్నం ఇంట్లో అగరుబత్తి కూడా వెలిగించలేదు. డీజిల్ బండి అమ్మేసి, కరెంటు ఆటో కొని, తనే తోలడం నేర్చుకుంది.

"దీన్ని రోజూ మేడ మీదకి మోసుకుపోవాలి. తేలికది ఇవ్వండి," అంది షోరూములో.

మోయక తప్పదు మరి. కింద వదిలితే ఎవడో ఎత్తుకుపోతాడు. ఉన్నది ఒక్క గది, ఉన్నది ఒక్క ప్లగ్గు, అదీ ఆదెయ్య మంచం తలాపున. మధ్యాహ్నం నన్ను చంటిబిడ్డలా చంకనేసుకుని మెట్లెక్కి ప్లగ్గు పెట్టేది. ఆదెయ్య నా మీద చెయ్యి వేసి, "పొగ లేదు, చప్పుడు లేదు. నీలాంటిది నేను బండి తోలే రోజుల్లో వస్తేనా!" అనేవాడు. ఆ మాటకి నేను పొంగిపోయేదాన్ని. పొగడ్తకి మనుషులే కాదు, మేమూ లొంగుతాం.

దసరా వచ్చింది. ఆదెయ్య ఏటా ఆయుధపూజకి బండిని ఎలా కడిగేవాడో నాగరత్నం అలాగే కడిగింది. సీటు ఎత్తి నాకూ తలంటు పోసింది, పసుపు రాసింది, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు నా నెత్తిన వొంపింది. రోజూ మెట్లెక్కి దిగే కుదుపులకి నా మూత ఓ పక్క ఎప్పుడో వదులైంది. నీళ్ళు లోపలికి దిగాయి. తడపకూడదన్న సంగతి నాతో ఇచ్చిన పుస్తకంలో ఉంది, ఇంగ్లీషులో. పుట్టినప్పట్నించీ నన్ను అంత ప్రేమగా ముట్టుకున్నవాళ్ళు లేరు. అదే నా కొంప ముంచింది.

మర్నాటి నుంచి బండి దారిలో ఆగిపోవడం మొదలైంది. ఆపింది నాలోని కాపలా బోర్డు. లోపల తేడా వస్తే కరెంటు తెంచెయ్యడమే దాని పని. నాగరత్నం నన్ను సాంబయ్య దగ్గరికి తీసుకెళ్ళింది. అతను ఆదెయ్య పాత నేస్తం, డీజిల్ ఇంజన్ల దగ్గర తల పండినవాడు.

"ఈ బుల్లి బోర్డే అడ్డం పడతా ఉందమ్మాయ్. తీసేసి డైరెక్ట్ కలిపేశా. ఇక ఆగితే నన్నడుగు," అన్నాడు.

బండి నిజంగానే ఆగలేదు. నాలుగు రోజులు గుర్రంలా పరిగెత్తాను. నాగరత్నం సాంబయ్యకి అరిసెలు కూడా పంపింది. ఛార్జింగు నిండాక చాలని చెప్పే దిక్కు నాకిప్పుడు లేదని ఇద్దరికీ తెలియదు.

అయిదో రోజు మధ్యాహ్నం ఆదెయ్యకి గంజి తాగించి, నాకు ప్లగ్గు పెట్టి, ఆమె రేషను కొట్టుకి వెళ్ళింది. నా కడుపు ఉబ్బింది. ముందు బుస, తర్వాత పొగ వచ్చాయి. తెల్లగా, చిక్కగా ఉందది. డీజిల్ పొగ దాని ముందు దిష్టి తీసిన పొగంత కూడా కాదు.

ఆదెయ్య లేచాడు. గుమ్మం నాలుగడుగులు. ఎలాగోలా పోగలడు. కానీ అతను నా వైపు వచ్చాడు. ప్లగ్గు పీకి, నా పిడి పట్టుకుని బయటికి ఈడవబోయాడు.

"నాగరత్నం బండే... నాగరత్నం బండి..." అంటున్నాడు దగ్గుతూ.

వదిలెయ్యి, పారిపో అని అరవాలనుకున్నాను. నాలోంచి మంట తప్ప మరేం రాలేదు. గుమ్మం దాకా ఈడ్చాడు. అక్కడే బోర్లా పడ్డాడు.

మూడో రోజు నన్ను పోలీసు స్టేషన్లో బల్ల పక్కన పెట్టారు. నాగరత్నం ఎదురుగా నిలబడింది. చేతికి గాజుల్లేవు.

"ఎవరి మీద రాయమంటావమ్మా? కంపెనీ మీదా, మెకానిక్ మీదా?" అడిగాడు రైటరు.

ఆమె నా వైపు చెయ్యి చూపింది.

"నా మీద రాయండయ్యా. రోజూ మోసుకొచ్చి ఆయన తలకాడ పెట్టింది నేనే."

రైటరు కళ్ళజోడు సర్దుకుని, ఆమె చెప్పినట్టే రాసుకున్నాడు.