బుధవారం పెట్టిన గుడ్లు

గాజువాకలో నాకు ఫ్యాన్లు, మోటార్ల కొట్టు ఉంది. ఇంటి వెనక గదిలో కోడిగుడ్లు పొదిగే మిషన్ ఒకటి పెట్టుకున్నాను. సరుకు ఏ రోజు చేతికొస్తుందో ముందే తెలిసిన వ్యాపారమంటే నాకిష్టం. సోమవారం గుడ్డు పెడితే మూడు వారాలకు సోమవారమే పిల్ల.

దసరా సెలవులకు అరకు వెళ్దామని మా ఆవిడ శ్రీవల్లి మంగళవారం పొద్దుటి రైలుకు టికెట్లు తీసింది. ముందురోజు పిల్లలు దిగుతాయి, కొనేవాడు పట్టుకుపోతాడు, మర్నాడు మేం రైలెక్కుతాం. లెక్క కుదిరింది.

అది తప్పింది పోతమ్మ దగ్గర. మా వీధి చివర ఉంటుంది. ఆమెకున్న ఒక్క పెట్టనూ కుక్క పట్టుకుపోయింది, పన్నెండు గుడ్లు మిగిలాయి. ప్రయాణానికి మూడు వారాల ముందటి సోమవారం సాయంత్రం, నా గుడ్లు మిషన్లో సర్దుతూ, ఆమెవి కూడా తెమ్మన్నాను.

"దీపాలెట్టాక గుడ్డు గడప దాటించకూడదు బాబూ. రేపు మంగళారం, అసలే ఇవ్వను" అంది. బుధవారం తెచ్చింది.

రెండు రోజుల తేడా నాకప్పుడే తెలుసు. ఆమెకు చెప్పలేదు. టికెట్లూ మార్చలేదు.

ప్రయాణం నాటి పొద్దున్న నా పిల్లలు అమ్ముడైపోయాయి. ఆమె గుడ్లు మాత్రం ఉన్నాయి. ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుంటే లోపలినుంచి సన్నగా కిచకిచ. ఇంకొక్క రోజు. తాళం పోతమ్మకిస్తే మిషన్లో నీళ్లు పోసి కనిపెట్టుకునేది. కానీ బీరువా ఆ గదిలోనే ఉంది. ఇరవై ఏళ్లుగా ఎరిగిన మనిషే, అయినా చేయి రాలేదు. మనిషి లేని ఇంట్లో వేడి మిషన్ నడపకూడదని నాకు నేనే చెప్పుకుని మెయిన్ ఆపేశాను.

బొర్రా గుహల్లో మా అమ్మాయి ఏవేవో చూపిస్తుంటే, ఆ గుడ్లు ఎన్ని గంటలకు చల్లబడి ఉంటాయోనని లెక్కపెట్టాను.

తిరిగొచ్చి గుడ్లు కవర్లో కట్టి పారేశాను. పోతమ్మ అడిగితే, "పిల్ల కట్టలేదమ్మా, ఖాళీ గుడ్లు" అన్నాను.

"నా మూలాన నీ కరెంటు దండగ బాబూ" అని వెళ్లిపోయింది.

ఆదివారం ఆమె తన పుంజును, కాళ్లు కట్టి, చంకలో పెట్టుకుని మా ఇంటి ముందునుంచి పోతోంది.

"ఏటి పోతమ్మా, ఎక్కడికి?"

"సికెన్ కొట్టుకిచ్చేత్తాను. పన్నెండులో ఒక్కటీ కట్టలేదంటే దోసం దీనిదే కదేటి? తిండి దండగ."

ఇది నా లెక్కలో లేదు. "నాకమ్మెయ్యి. పెంచుకుంటాను."

ఆమె నవ్వింది. "సాల్లే బాబూ. దోసమని తెలిసీ నీకెలాగమ్ముతాను?"

ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఆ మాట నేను ఏ బేరగాడికీ అనలేదు.

"దానికే దోసం లేదు పోతమ్మా. గుడ్లన్నీ కట్టాయి. నానే మిషన్ ఆపేసి ఊరెల్లిపోయాను."

నవ్వు ఆగింది. "బతికుండగానా?"

తలూపాను.

"అరిసాయేటి?"

"అరిసాయి."

"తాళం నాకిత్తే సూసీదాన్ని కదా."

ఆమె నా ముఖం చూసింది, నా వెనకున్న తలుపు చూసింది. జవాబు దొరికినట్టుంది. మెట్టు మీద కూర్చుని పుంజు కాళ్ల తాడు విప్పి, తిమ్మిరి పోయేదాకా వాటిని నిమిరింది. ఇక కిందికి వదులుతుందనుకున్నాను. మా వాకిట్లో దాన్ని దింపలేదు. చంకలో పెట్టుకునే వెనక్కి నడిచింది.