రెండో బ్రేకు

యాదలక్ష్మి కాలు కదిపేలోపే కారు ఆగిపోయింది. ఎదురుగా వస్తున్న ఆటో ఇంకా చాలా దూరంలో ఉంది. అయినా సుందరయ్య ఊరుకోలేదు. డ్రైవింగ్ స్కూలు కార్లలో ఎడమ సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్లు తడబడితే పక్కనున్న మాస్టారు తొక్కడానికి. సుందరయ్య మాత్రం తడబడతారేమోనని ముందే తొక్కుతాడు. ఎల్బీనగర్‌లో ఆ సీట్లో కూర్చోబట్టి ఇరవై ఏళ్లు దాటింది. మనిషి బక్కపలచన. మెడ రోడ్డు వైపు సాగి సాగి కొంగ మెడలా తయారైంది. కుడికాలి పిక్క ఎడమదానికంటే లావు.

"ఒక్కసారన్న నన్ను ఆపనియ్యరా సార్?" అంది యాదలక్ష్మి. బడంగ్‌పేట్‌లో టిఫిన్ సెంటర్ నడుపుతుంది, మాట దాచుకునే రకం కాదు.

"లైసెన్స్ వచ్చినంక ఆపుతవ్ తియ్యమ్మా."

అతని దగ్గర నేర్చుకున్నవాళ్ల సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. స్టీరింగ్ పట్టడంలో వంక పెట్టలేరు. సొంత కారు కొన్న కొత్తలో మాత్రం ఎవరి గేటుకో, ఎవరి డిక్కీకో గుద్ది వస్తారు. బ్రేకు ఎప్పుడు తొక్కాలో వాళ్ల కాలికి తెలియదు, తెలుసుకునే అవకాశం ఈయన ఇస్తే కదా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటాడు. ఇన్నేళ్లలో స్కూలు కారుకు గీత పడలేదని కాలర్ సర్దుకుంటాడు. విజయవాడ రోడ్డు మీద అబ్దుల్లాపూర్‌మెట్ దాకా తీసుకెళ్లి వెనక్కి తిప్పిస్తాడు. ఆ తర్వాతి రోడ్డు సంగతి వాళ్లు చూసుకోవాల్సిందే. స్టీరింగ్ ముందు కూర్చుని అతనూ ఆ రోడ్డు ఎప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నానికి మన్సూరాబాద్‌లోని కిరాయి ఇంటికి చేరి, అన్నం తిని, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. భార్య ఎస్తేరమ్మ దవాఖానలో ఆయా, డ్యూటీకి పోయింది. కూతురు సాధన దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్లజోళ్ల దుకాణంలో పనికి పోయింది. సాయంత్రం ఆమెకు పందెం ఉంది.

ఈ ఆన్‌లైన్ కార్ల పందేలు అతనికి మొదట్లో కోపం తెప్పించాయి. ఒకనాడు కూతురు గేర్ల నిష్పత్తి అంటే ఏందని అడిగింది. ఆ ఇంట్లో అతన్ని ఎవరైనా ఒక విషయం అడగడం అదే మొదలు. అంతే, కళ్లజోడు ముక్కు చివరికి జారేదాకా కూర్చుని ఆట నేర్చుకున్నాడు. వారం వారం పందెం మారుతుంది. ఈసారి ఎలాంటి కార్లు, ఏ రోడ్డు, ఎండా వానా అన్నీ పందెం నడిపేవాళ్లే చెబుతారు. దానికి తగిన కారు ఎంచడం, టైర్లు, స్ప్రింగులు, బ్రేకులు సరిచేయడం నాన్న వంతు. నడపడం కూతురి వంతు. సెట్టింగుల పేజీ ఆమె ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. వండిపెట్టిన అమ్మను ఉప్పు ఎంత వేశావని అడుగుతామా? అలాగే అది డాడీ పని అని వదిలేసింది.

కారు ఎంచడంలో అతనికి మంచి చూపే ఉంది. అయినా సాధనకు ఎప్పుడూ రెండో స్థానమే, లేకపోతే మూడు. ఓడిన ప్రతిసారీ మణికట్లు నొప్పి పుట్టేదాకా ప్రాక్టీసు చేసేది. తల్లి జండూబామ్ రాస్తూ తిట్టేది.

ఈరోజు పందెం వేరు. గెలిచినవాళ్లను పుణెలో ఒక జట్టు జీతమిచ్చి తీసుకుంటుంది. పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని గడపలో నిలబడి సాధన ఒకే మాట అడిగింది. "డాడీ, ఇయ్యాల జర కారు ఎనక భాగాన్ని జారనియ్. మలుపుల కారు తిరుగుతలేదు. జారితే నేను పట్టుకుంట."

సరే బిడ్డా అన్నాడు. నిజంగానే చేశాడు కూడా. ఘాట్ రోడ్డు కాబట్టి బరువు తక్కువున్న పాత ఎర్రకారు ఎంచాడు. ఒక్కో కారుకు ఇన్ని పాయింట్లని హద్దు ఉంటుంది, వాటిని ఇంజనులో పెట్టుకోవచ్చు, బ్రేకుల్లో పెట్టుకోవచ్చు. ఆమె కోరినట్టే ఇంజనులో పెట్టాడు. వెనక స్ప్రింగులు బిగించాడు, అవి బిగిస్తేనే మలుపులో వెనక భాగం సులువుగా తిరుగుతుంది. ఎట్లుందో చూద్దామని తానే ఒక చుట్టు నడిపాడు.

రెండో మలుపులో కారు వెనక భాగం విసురుగా తిరిగి, గోడకు తగిలి పల్టీ కొట్టింది.

తెర మీద ఏముంటుంది? క్షణంలో కారు మళ్లీ రోడ్డు మీదికి వచ్చి నిలబడింది, చిన్న సొట్ట కూడా లేదు. సుందరయ్య కుడికాలు మాత్రం బల్ల కింద నేలను తొక్కిపట్టే ఉంది. ఆ కారులో అతనికి కూతురు కనబడింది. పక్కన పెట్టుకున్న చాయ్ చల్లారిపోయింది. బొమ్మ కారని తెలియక కాదు, తెలిసీ కాలు తీయలేకపోయాడు.

వెనక స్ప్రింగులు మెత్తన చేశాడు. బ్రేకు బలం ముందు చక్రాలకు జరిపాడు. ఇంజనులోంచి పాయింట్లు తీసి బ్రేకుల్లో పోశాడు. కొంచెమే కదా అనుకున్నాడు. ప్రతి వారం అట్లాగే అనుకునేవాడు. ఒకసారి పంపాక మార్చడానికి వీల్లేని సెట్టింగులను పంపేసి, చెయ్యి కడుక్కొని వచ్చాడు.

సాధన దుకాణం నుంచి తొందరగా వచ్చి బట్టలు మార్చుకుంది. అడిగినట్టే పెట్టినవా అంటే తల ఊపాడు. ఇద్దరూ స్కూటర్ మీద దిల్‌సుఖ్‌నగర్ వచ్చారు. మెట్రో పిల్లర్ల పక్కన, కోచింగ్ సెంటర్ మీది అంతస్తులో బాపిరాజు గేమింగ్ పార్లర్ ఉంది, సాధన పందేలు ఆడేది అక్కడే. ఆయనది భీమవరం వైపు. సాధన గెలిస్తే తన పార్లర్ పేరు మోగుతుందని పొద్దుటినుంచి ఆయనకు కాలు నిలవడం లేదు.

పందెం మొదలైంది. మొదటి చుట్టు కాగానే సాధన ఒకసారి వెనక్కి తిరిగి తండ్రి వైపు చూసింది. అతను తెరను చూస్తూ ఉండిపోయాడు. ఆ మందకొడి కారును ఆమె ఎట్లా లాక్కొచ్చిందో గానీ, చివరి మలుపు దాకా ముందే ఉంది. అక్కడ కారు ముక్కు తిరగనని మొండికేసింది. లోపలి వైపు సందులోంచి వెనకున్న కారు దాటిపోయింది. మళ్లీ రెండో స్థానం.

అంతటితో అయిపోతే ఇంకో వారం గడిచేది. ఎవరూ మోసం చేయలేదని చూపించడానికి, మొదటి ఇద్దరి సెట్టింగులూ పక్కపక్కన తెర మీద పెట్టాలని నిర్వాహకులు ఈసారి కొత్త నియమం తెచ్చారు. సుందరయ్యకు అది తెలియదు.

"ఇదేంటండీ సుందరయ్య గారూ, పాయింట్లన్నీ బ్రేకుల్లో పోశారు?" అన్నాడు బాపిరాజు. "ఎద్దుబండి చేసి ఇచ్చారు కదండీ. దీంతో రెండోది రావడం అమ్మాయి గొప్పేనండీ."

పాపం, ఆయన మెచ్చుకుంటున్నాననుకున్నాడు.

సాధన లేచి తెర దగ్గరికి వెళ్లి ఒక్కో వరుసా చదివింది. తర్వాత కూర్చుని పాత పందేల సెట్టింగులు తెరిచింది. అన్నీ అవే బ్రేకులు, అదే మెత్తని వెనక భాగం. ఏ వారం కూడా తేడా లేదు. ఆమె తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది.

"ఇన్నేండ్లు నా చేతులే మందమనుకున్న డాడీ."

"జారితే ఎట్ల బిడ్డా?"

"జారితే ఏమైతది? పట్టుకుంట అన్న గదా."

సుందరయ్యకు సిగ్గేసింది, అది నిజం. కానీ లోపల ఎక్కడో ఇప్పటికీ, జారితే ఎట్ల అనే ఉంది. అదే అతని ఖర్మ.

కాసేపటికి పుణె నుంచి ఫోన్ వచ్చింది. వాళ్లూ ఆ పేజీ చూశారు. గెలిచినతన్ని ఎలాగూ తీసుకుంటున్నారు, అలాంటి కారును అంతదాకా తెచ్చిన అమ్మాయి కూడా కావాలన్నారు. షరతు ఒకటే, కారు సరిచేసేది తమ మనుషులు. సాధన తండ్రి వైపు చూడకుండానే ఒప్పుకుంది. రేపే బయలుదేరాలట. రాత్రికి బడంగ్‌పేట్‌లో చిన్నమ్మ దగ్గర ఉంటానని, అమ్మకు తానే ఫోన్ చేసి చెబుతానని అంది. నేను దింపుత అన్నాడు సుందరయ్య. వద్దంది. గట్టిగా కూడా అనలేదు. ఆమె చెప్పుల చప్పుడు మెట్ల మీద దిగిపోయింది.

ఇరవై ఏళ్లుగా అతను ఎంతమందినో రోడ్డెక్కించాడు. ఒక్కరూ మళ్లీ వచ్చి పలకరించింది లేదు. లోకానికి విశ్వాసం లేదని ఇన్నాళ్లూ ఎస్తేరమ్మతో చెప్పుకునేవాడు. ఈరోజు ఆ మాట అనుకోబోయి మానుకున్నాడు. బాపిరాజు చాయ్ తెప్పిస్తానంటే వద్దని కిందికి దిగాడు. కోచింగ్ సెంటర్ వదిలారు, పిల్లలు గుంపుగా తోసుకుంటూ పోతున్నారు. సాధన ఎక్కిన ఆటో ఏదో, ఎటు పోయిందో తెలియలేదు.

స్కూటర్ వెనక సీటు మీద ఆమె హెల్మెట్ బోర్లా పడి ఉంది, పట్టీకి పొడుగాటి వెంట్రుక ఒకటి చుట్టుకుని.