కొవ్వుముద్దలో నాలుగో సూది

కుక్కలంటే నాకు మొదటినుంచీ పడదు. మూతి తగిలిందంటే చాలు, బట్టలు ఉతుక్కోవాలి, నమాజుకు ముందు మళ్లీ కాళ్లూ చేతులూ కడుక్కోవాలి. అరవై ఏళ్లకు దగ్గర పడుతున్నవాడికి ఎన్నిసార్లని ఈ కడుగుడు? అలాంటివాణ్ణి, నాకు ఒక కుక్క రాసిపెట్టి ఉంది. నా ఖర్మ.

నా పేరు మౌలా అలీ. రెజిమెంటల్ బజార్‌లో గుర్రపు జీన్లు కుట్టే పని మాది. లష్కరు పటాలాల్లో గుర్రాలు తిరిగినన్నాళ్లూ మాకు కూటికి లోటు లేదు. పోలీసు యాక్షన్ జరిగి ఫౌజు ఊళ్లోకి వచ్చినప్పుడు, రజాకార్లను వెతుకుతూ మా గల్లీకి కూడా వచ్చారు. నా కొడుకు ఇమామ్ గడపమీద, రజాకార్లు తొడిగే రంగు ఖాకీ చొక్కాతో కూర్చుని ఉన్నాడు. వాడు ఏ జట్టులోనూ చేరినవాడు కాదు. జీను అస్తరు గుడ్డలో మిగిలిన ఖాకీ ముక్కలు అతికి ఆ చొక్కా కుట్టింది నేనే. మా జీన్లవాళ్ల ఇళ్లలో మగపిల్లలంతా అలాంటి చొక్కాలే తొడుక్కుంటారు, గుడ్డ కొనే అలవాటు మాకు లేదు. అది వచ్చినవాళ్లకేం తెలుసు? వాణ్ణి లారీ ఎక్కించి తీసుకుపోయారు.

ఏ క్యాంపులో ఉన్నాడో తెలియడానికే పన్నెండు రోజులు పట్టింది. వాడు మంచివాడని ఎవరైనా ఆఫీసరు రాసిస్తే వదులుతారన్నారు. ఎన్ని గుమ్మాలు ఎక్కానో, ఎంతమందికి సలాములు కొట్టానో చెప్తే మీకే విసుగొస్తుంది. చివరికి నా పాత దోస్తు పర్వతాలు ఆదుకున్నాడు. అతను తిరుమలగిరిలో ఒక బంగ్లాలో గుర్రాలు చూసుకునే సాయిసు. తన కెప్టెన్ సాబు ముందు నన్ను నిలబెట్టాడు. సాబు ఉత్తరాది మనిషి, మాట తక్కువ. అంతా విన్నాడు. శనివారం బదిలీ మీద వెళ్లిపోతున్నాననీ, ఈలోగా బంగ్లా వరండాలోనే కూర్చుని తన పాత జీను బాగుచేసి పెట్టమనీ, నన్ను నాలుగు రోజులు చూసి శుక్రవారం పొద్దున కాగితం రాసిస్తాననీ హిందుస్తానీలో చెప్పాడు. నాకు ప్రాణం లేచివచ్చింది.

జీను పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఎన్ని సూదులతో కూర్చుంటామో, లేచేటప్పుడు అన్నీ ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఒక్క సూది లోపల ఉండిపోయినా గుర్రం వీపులో దిగుతుంది, అది మనిషిని ఎత్తి పారేస్తుంది. అందుకని దారం ఎక్కించిన సూదులన్నీ ఒక్క మైనం ముద్దకే గుచ్చిపెట్టుకుంటాం. మైనం అంటితే దళసరి తోలులో సూది సులువుగా దిగుతుంది కూడా. ఆ రోజుల్లో బజారు సగం మూసే ఉండేది, మైనం దొరకలేదు. గురువారం, అంటే బక్రీదు మర్నాడు, పొద్దున్నే నా భార్య రసూల్ బీ మైనానికి బదులుగా ఒక కొవ్వుముద్ద చేతిలో పెట్టింది. మాకు ఆ ఏడు ఖుర్బానీకి మేక ఎక్కడిది, చుట్టాలు పంపిన వాటాలో వచ్చిన కొవ్వు అది. పచ్చి కొవ్వు వాసన కొడుతుంది, కుక్క తిరిగేచోట పెట్టకూడదని ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడికి తోచొద్దూ? తోచలేదు. కొడుకు క్యాంపులో ఉంటే బుర్ర ఎక్కడ పనిచేస్తుంది.

సాబు కుక్క పేరు రూబీ. గోధుమరంగుది, పొట్టి కాళ్లది. నాలుగు సూదులూ ఆ ముద్దకు గుచ్చుకుని నేను కుడుతుంటే, ఆ రోజంతా నా ఎదురుగానే కూర్చుంది. నా మీద ప్రేమేమో అనుకున్నాను, పిచ్చివాణ్ణి. సాయంత్రం నమాజుకని కుళాయి దగ్గరికి వెళ్లి వచ్చేసరికి ముద్ద లేదు. మూడు సూదులు నేలమీద నాకిపెట్టినట్టు శుభ్రంగా పడి ఉన్నాయి. నాలుగోది, జానెడు దారంతో సహా, లేదు.

జీనులోనే ఉండిపోయిందేమోనని, ఉండాలని, అప్పుడే కుట్టిన అస్తరంతా విప్పేశాను. లోపల మెత్త కూడా పీకి చూశాను. లేదు. పొద్దు గుంకేలోగా మళ్లీ అంతా కుట్టాను. కుక్క రెండుసార్లు దగ్గి, తోక ఊపి, లోపలికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి రసూల్ బీకి చెప్పాను. ఆమె పొయ్యి దగ్గరినుంచి లేచి తలుపు దగ్గరికి వేసింది.

"రేపు కాగితం చేతుల పడేదాంక నోరు మూస్కొని ఉండు. కావాల్నని సూది పెట్టినవంటరు. గిట్ల చెప్పినవంటే పోరడు ఇగ బయటికి రాడు."

కుక్క చచ్చిపోతే ఎట్లా అన్నాను. చావదంది. సూది మింగిన పసిపిల్లకు పత్తి మింగిస్తే, అది సూదికి చుట్టుకుని కిందికి పోయిందని వాళ్ల నాయనమ్మ చెప్పేదట. బొంత విప్పి ఇంత పత్తి తీసింది. మాంసం చారులో నానబెట్టి చిన్నచిన్న ఉండలు చేసింది. చేస్తూ చేస్తూ ఏడ్చింది. ఇన్ని రోజుల్లో ఆమె ఏడవగా చూడటం అదే మొదలు. నాకు ఇక ఎదురు చెప్పే ఓపిక లేదు.

శుక్రవారం పొద్దున్నే బంగ్లాకు పోయి, పర్వతాలు గుర్రాన్ని నీళ్లకు తీసుకుపోయిన సమయం చూసి రూబీని పిలిచాను. దొంగలా పిలిచాను. అది వచ్చి నా చేతిలోంచే ఆ ఉండలన్నీ తిన్నది. మింగుతుంటే మెడ సాచి నొప్పి పడింది, అయినా తిన్నది, తిని నా చెయ్యి నాకింది. పది గంటలకల్లా పక్కకు ఒరిగి, నోట్లోంచి చొంగ తీగలు కారుస్తూ పడుకుంది. నిన్న ఏం పెట్టావురా దీనికి అని సాబు పర్వతాలును నిలదీయడం వినిపించింది. పర్వతాలు దేవుడి మీద ఒట్లు పెడుతున్నాడు.

నన్ను లోపలికి పిలిచారు. సాబు జీను మీద అరచేయి ఆనించి ఒకచివరినుంచి ఇంకోచివరిదాకా నిమిరి చూశాడు. బాగుందన్నాడు. కుర్చీలో కూర్చుని కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. కుక్క ఆయన కాళ్ల దగ్గరే ఉంది. నాకు ఇంగ్లీషు రాదు, కాని ఇమామ్ పేరు పైకి అంటూ రాస్తుంటే పోల్చుకున్నాను. ఇంకో రెండు వరుసలు, కింద సంతకం, అంతే. కలం ఆపకుండానే అడిగాడు, నువ్వు నిన్నంతా అక్కడే ఉన్నావు కదా, ఇది ఏమైనా తినడం చూశావా అని.

లేదు అంటే అయిపోయేది. గుమ్మం దగ్గర పర్వతాలు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నాకు నా కొడుకు కనిపిస్తున్నాడు, పర్వతాలు కనిపిస్తున్నాడు, ఆ కుక్క పొట్ట ఎగిరెగిరి పడటం కనిపిస్తోంది.

"నా సూది మింగింది సాబ్. నిన్న సాయంత్రం."

సాబు కలం పెట్టేశాడు. కుక్కను రెండు చేతుల్లో ఎత్తుకుని జీపెక్కి, పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లిపోయాడు. సగం రాసిన కాగితం బల్లమీదే ఉంది, గాలికి ఎగరకుండా పర్వతాలు దానిమీద సిరాబుడ్డి పెట్టాడు. నేను వరండాలో చతికిలబడ్డాను. జుమా నమాజు వేళ దాటిపోయింది. లేవాలనిపించలేదు.

మూడు గంటలకు సాబు ఒక్కడే వచ్చాడు. నిన్న గొంతులో ఉన్నప్పుడే తెస్తే లాగేసేవాణ్ణని డాక్టరు అన్నాడట. సూది కిందికి జరిగి పేగు చీల్చింది. కోసి చూస్తే, సూదిని కిందికి తోసిన పత్తి కూడా కనబడిందట. నిన్న ఎందుకు చెప్పలేదని అడిగాడు. కాగితం కోసం సాబ్ అన్నాను.

సాబు కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత సిరాబుడ్డి పక్కకు జరిపి, మిగిలిన రెండు వరుసలూ రాసి, సంతకం చేసి, నా చేతికిచ్చాడు.

"నిన్ననే చెప్పి ఉంటే నిన్ననే రాసిచ్చేవాణ్ణి. రెండు ప్రాణాలూ దక్కేవి," అన్నాడు.

తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది. సలాం కూడా చేయకుండా బయటపడ్డాను. తిరుమలగిరి నుంచి ఇంటిదాకా నడిచే వచ్చాను, దారి పొడుగునా ఆ మాటే చెవిలో ఇల్లు కట్టుకుని కూర్చుంది.

రసూల్ బీ కాగితం చూసి కళ్లకద్దుకుంది. తెల్లారగానే క్యాంపుకు పోదామంది, ఇమామ్‌కు ఇష్టమని గోంగూర తెప్పిస్తానంది. నవ్వింది. ఇరవై ఎనిమిది రోజుల తర్వాత నవ్వింది. అంతలో ఆగి, నా మొహంలోకి చూస్తూ, కుక్క ఎట్లున్నదని అడిగింది.

ఆ పత్తి ఉండలు చేసిన చేతులు ఇంకా నా మోచేతిని పట్టుకునే ఉన్నాయి.

"మంచిగనే ఉన్నది. పత్తితోని సూది వెళ్లిపోయింది," అన్నాను.

"చూసినవా, నేను చెప్పినట్టు జేస్తే రెండూ దక్కినయి," అంది.

"అవునే. నువ్వు చెప్పినట్టే జేసిన."