మేకులవాళ్ళ జోసెఫ్

కెనడాలోని విన్నిపెగ్ తెలుగువాళ్ళు కృపాదానం గారి మాటల్ని వడగట్టుకునే తాగుతారు. ఆయన ఈ ఊరొచ్చిన మొదటి చలికాలం గోడగడియారం వణికి వణికి రోజుకి ముప్ఫై గంటలు కొట్టిందట. తనకి జుట్టు తొందరగా నెరవడానికి కారణం అదేనట. చిన్నప్పుడు గోదావరిలో పట్టిన పులసచేప గంపలో చోటు చాలక ఆయన వెనకాలే గట్టు మీద నడుచుకుంటూ ఇంటికొచ్చిందట. నర్సు పని చేసి ఈ దేశానికి ఆయన్ని తీసుకొచ్చిన భార్య రూపవతి, చర్చిలో ఎవరైనా ఇదంతా నిజమేనా అని అడిగితే, సగం తీసేసి, మిగిలినదాంట్లో సగం నమ్మండి అనేది. ఆవిడ పోయాక ఆ పాటి లెక్క చెప్పే దిక్కు కూడా లేకపోయింది.

ఆసుపత్రిలో బాయిలర్ చూసే పని నుంచి రిటైరై పదిహేనేళ్ళయింది. విమానం దిగిన ప్రతి పిల్లా పిల్లాడూ సూట్‌కేసు ఈడ్చుకుంటూ "బేస్‌మెంట్ ఖాళీ ఉందా అంకుల్" అని తలుపు కొడుతున్న రోజులవి. కృపాదానం తన బేస్‌మెంట్‌ని నలుగురు ఆడపిల్లలకి ఇచ్చాడు. వాళ్ళలో ఖమ్మం నుంచి వచ్చిన హర్షిణి వారమంతా కాలేజీలో డేటా కోర్సు చదివి, శని ఆదివారాలు ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో పని చేసేది. బస్సు కోసం మంచులో నిలబడలేక ఆ పిల్ల అవస్థ పడుతుంటే, ఆయనే కార్లో దింపి వచ్చేవాడు. దింపి ఊరికే వచ్చేవాడు కాదు. ఆ హోమ్‌లోనే మిస్ టాండీ ఉండేది.

మిస్ ఈడిత్ టాండీ నలభై ఏళ్ళ పాటు ఆయన పక్కింటి మనిషి. పోస్టాఫీసు కౌంటర్‌లో పని చేసింది, పెళ్ళి చేసుకోలేదు. సాయంత్రాలు కంచె మీద మోచేతులు ఆనించి ఈయన కోతలన్నీ వినేది. నమ్మేది కాదు, నవ్వేది. ఆయన కోతలకి ఈ దేశంలో దొరికిన మొదటి శ్రోత ఆవిడే. ఇప్పుడామెకి తొంభై ఒకటి. చూపు దాదాపు పోయింది. కిటికీ ఎటుందో తెలుస్తుందంతే.

ఆ ఏడు మంచు కరుగుతున్న రోజుల్లో ఓ ఆదివారం ఆవిడ, నవ్వించింది చాలు క్రిపా, ఒక పని చేసిపెట్టు, అంది.

పని వాళ్ళ నాన్న గురించి. ఆయన పేరు జోసెఫ్ టాండీ. ఒకప్పుడు ఇంగ్లండులోని అనాథాశ్రమాలు దిక్కులేని పిల్లల్నీ, దిక్కుండీ తిండిలేని పిల్లల్నీ వేలమందిని ఓడలెక్కించి ఇక్కడి పొలాల్లో పనికి పంపేశాయి. ఆయన అలా వచ్చినవాడే, పట్టుమని పదకొండేళ్ళు లేకుండా. బతికినంతకాలం ఇంట్లో అమ్మ అన్న మాట ఎత్తలేదు. చర్చిలో తల్లుల పండగనాడు పాట మొదలు పెడితే లేచి బయటికెళ్ళి, గుర్రాలు కట్టే చోట నిలబడేవాడు. పోయేముందు రోజు మాత్రం కూతుర్ని దగ్గరికి పిలిచి ఒక్కమాట చెప్పాడు: మా అమ్మ కాగితం మీద గుర్తు పెట్టింది, నాకు చూపించారు, అని.

"తెలిసే ఇచ్చేసిందా, తెలియక ఇచ్చిందా?" అంది మిస్ టాండీ. "జవాబు ఎలాంటిదైనా సరే. అది తెలుసుకుని పోతాను."

కృపాదానం అలవాటు చొప్పున, మీ నాయనమ్మ సామాన్యురాలు కాదు, మహారాణి గుర్రానికి లాడాలు కొట్టిన మనిషి అని అందుకున్నాడు. ఆవిడ నవ్వింది. నవ్వు అయిపోయాక మళ్ళీ అదే అడిగింది. అప్పుడు మాటిచ్చాడు.

వంటింటి బల్ల మీద హర్షిణి లాప్‌టాప్, పక్కన ఆయన కళ్ళజోడు, కప్పుల టీ. ఇంగ్లండులో చర్చివాళ్ళు రాసిన పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ, సర్కారు పదేళ్ళకోసారి రాసిన జనాభా లెక్కలూ అన్నీ ఇప్పుడు కంప్యూటర్‌లోకి వచ్చేశాయట. బర్మింగ్‌హామ్ పక్కన బొగ్గుపొగకి నల్లబడ్డ పేటల్లో ఆ వంశం దొరికింది. జోసెఫ్ తండ్రి శామ్యూల్, వృత్తి మేకులు. ఆయన తండ్రి విలియం, మేకులు. ఆపైన ఇంకో జోసెఫ్, మేకులు. ఇంటి వెనక మంచమంత కొలిమి. మగాడూ ఆడదీ పిల్లా అందరూ దాని చుట్టూ నిలబడి ఇనపకడ్డీ కాల్చి, కొట్టి, మేకు చెయ్యడమే. ఒక లెక్కలో ఏడేళ్ళ ఆడపిల్ల పేరు పక్కన కూడా వృత్తి మేకులనే రాసుంది. పెళ్ళి పుస్తకాల్లో పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, ఇద్దరు సాక్షులు, నలుగురివీ సంతకానికి బదులు ఇంటూ గుర్తులే.

"ఒక్కరికి కూడా రాయొస్తలేదు అంకుల్," అంది హర్షిణి.

"ఆళ్ళు కొట్టిన మేకుల మీదే కదమ్మా రాయడం వచ్చినోళ్ళ ఇళ్ళు నిలబడింది," అన్నాడాయన.

అంతా సాఫీగా వెళ్తుండగా దారి తెగింది. శామ్యూల్, హానా దంపతుల కొడుకు జోసెఫ్, వయసు రెండేళ్ళు, అని సమాధుల పుస్తకంలో కనిపించింది. రెండేళ్ళకే పోయినవాడు పదేళ్ళు దాటాక ఓడెలా ఎక్కుతాడు? రెండు వారాలు ఊళ్ళో ఉన్న జోసెఫ్‌లనందర్నీ వెతికారు. ఎవడూ అతకలేదు. మనం పట్టుకున్నది వేరే టాండీలనేమో, వదిలేద్దాం అంకుల్, అంది హర్షిణి నీరసంగా.

కృపాదానం ఆ పూట గోంగూర ఆకు తుంచుతున్నాడు. తుంచుతున్నవాడు ఆగిపోయాడు.

"నా అసలు పేరేంటో తెలుసా అమ్మాయ్? పెంటయ్య."

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. ఇదీ పులసచేప లాంటిదే అనుకుంది. ఆయన మాత్రం నవ్వలేదు. తనకి ముందు ఇద్దరు పిల్లలు పోయారనీ, తను పుట్టగానే తల్లి చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టిందనీ, పక్కింటావిడ ఎత్తుకుంటే చేరెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుందనీ చెప్పాడు. పెంట మీద దొరికిన బిడ్డని చావు కూడా ముట్టుకోదని ఊళ్ళో నమ్మకం. కృపాదానం అన్నది తర్వాత బాప్తిస్మంలో పెట్టిన పేరు.

"మనం పిల్లల్ని చావుకి కనపడకుండా దాచుకుంటాం. ఆళ్ళు దాచుకునే రకంలా లేరు. చచ్చిన పిల్లోడి పేరే మళ్ళీ పుట్టినోడికి పెట్టుంటారు. కిందికెళ్ళి చూడు తల్లీ."

రెండు పేజీలు కిందికి వెళ్తే దొరికాడు. 1896, జోసెఫ్, శామ్యూల్ హానాల కొడుకు, తండ్రి వృత్తి మేకులు.

ఆ తర్వాతది ఏడుపుగొట్టు కథే. జోసెఫ్‌కి పదేళ్ళప్పుడు శామ్యూల్ ఊపిరితిత్తులు పాడై పోయాడు. ఆ చలికాలం హానాకి జ్వరమొచ్చి బీదల ఆసుపత్రిలో చేరింది. కుర్రవాడు ఆశ్రమంలో చేరాడు. ఆ ఆశ్రమం ఎప్పుడో మూతబడినా దాని కాగితాలు ఎవరో భద్రం చేశారని హర్షిణి కనిపెట్టి, మిస్ టాండీ చేత సంతకం పెట్టించి అప్లై చేసింది. ఎండాకాలం వెళ్ళిపోయింది. హోమ్‌లో మిస్ టాండీ భోజనం తగ్గింది, నడక తగ్గింది. ఆదివారం ఆదివారం ఏమైనా వచ్చిందా అని అడిగేది. నవంబరులో జవాబొచ్చింది.

రెండు కాగితాల ఫొటోలు. మొదటిది చేర్పించేటప్పటి ఫారం. అందులో చేతిరాతతో "తల్లికి నయమయ్యేవరకు" అని ఉంది. దానికింద చీమల బారులాంటి అచ్చక్షరాల్లో, ఆశ్రమం తగునని తోచిన చోటికి బిడ్డను పంపవచ్చునని ఉంది. ఆ కింద ఇంటూ గుర్తు. ఒక గీత పొడుగు, ఒక గీత పొట్టి.

రెండోది ఆశ్రమం దినచర్య పుస్తకంలో ఒక పేజీ. హర్షిణి పైకి చదివింది, మధ్యలో ఆగి, మళ్ళీ చదివింది. చదవడం అయ్యాక లేచి సింక్ దగ్గరికి వెళ్ళి, కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతూ నిలబడింది. ఆ రోజు వాళ్ళమ్మ వీడియో కాల్ చేస్తే, ఎప్పటిలా తర్వాత చేస్తా అని కట్ చెయ్యకుండా గంటసేపు మాట్లాడింది.

ఆదివారం మధ్యాహ్నం హర్షిణి డ్యూటీ దిగాక ఇద్దరూ ఆ ఫొటోల ప్రింట్లు తీసుకుని మిస్ టాండీ గదికి వెళ్ళారు. బయట సన్నగా మంచు పడుతోంది. కృపాదానం కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటి కాగితం సంగతి చెప్పి, రెండోది చదివాడు.

"జూన్ 19, 1907. హానా టాండీ అనే స్త్రీ వచ్చింది. ఆరోగ్యం కుదుటపడిందనీ, కొడుకుని ఇంటికి తీసుకెళ్తాననీ చెప్పింది. ఈ నెల ఏడున ఓడ ఎక్కాడని తెలియజేశాము. కెనడాకి నడిస్తే ఎన్నాళ్ళు పడుతుందని అడిగింది. ఒక జత బూట్లు తెచ్చింది. తిరిగి పట్టుకెళ్ళలేదు. బూట్లు వేరే పిల్లవానికి ఇవ్వబడినవి."

మిస్ టాండీ చెయ్యి చాచి ఆయన చేతిని వెతికి పట్టుకుని, మెల్లగా తట్టింది. ఆవిడ మొహంలో నవ్వుంది, కంచె మీద నుంచి నవ్వే పాత నవ్వు.

"నువ్వు చెప్పినవాటిలో ఇదే మంచి కథ, క్రిపా. నడిస్తే ఎన్నాళ్ళు! ఆ బూట్లు కూడా. చచ్చిపోయేదాన్ని సంతోషపెట్టాలని ఎంత కష్టపడ్డావు."

హర్షిణి కంగారుగా కాగితాలు రెండూ ఆవిడ ఒళ్ళో పెట్టి, అది నిజం కాగితమేననీ, తను కళ్ళారా చూసిందనీ చెప్పింది. ఈ పిల్లని కూడా నీతో కలుపుకున్నావా, అందావిడ, కోపం లేకుండా. కాగితం ఆవిడ ఒళ్ళోనే ఉంది. ఆవిడ కళ్ళకి అదీ దుప్పటీ ఒకటే. ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. నవ్వు పోయింది. ఇన్నేళ్ళ నుంచీ ఉన్న ప్రశ్న ఉన్నచోటే ఉండిపోయింది.

నలభై ఏళ్ళ కోతలు ఒక్కసారిగా వచ్చి ఎదురుగా కూర్చున్నట్టయింది కృపాదానానికి. వెళ్దాం అంకుల్ అని హర్షిణి భుజం మీద చెయ్యి వేసినా లేవలేదు. అలా కూర్చునే, ఎవరి మొహమూ చూడకుండా, రూపవతికి కూడా చెప్పనిది చెప్పడం మొదలుపెట్టాడు.

ఏడేళ్ళప్పుడు ఆయన్ని తల్లి మిషన్ బోర్డింగ్ బడిలో చేర్పించింది. ఊళ్ళో బడి మూడో తరగతితో సరి. ఆపైన చదవాలంటే పేద క్రైస్తవుల పిల్లలకి అదే దారి. పెద్ద పుస్తకంలో ఆమె వేలిముద్ర వేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఆ కోపంతో, ఆ సిగ్గుతో, బోర్డింగ్ పిల్లలకి ఈయన మొదటి కోత కోశాడు: మా అమ్మ రంగూన్‌లో డాక్టరమ్మ, మాకు మేడ ఉంది, అని. అందరూ నమ్మారు. మూడు నెలలకి ఎల్లమ్మ, ఆయన తల్లి, పదహారు మైళ్ళు నడిచి వచ్చింది. మోకాళ్ళదాకా బురద. చెంగులో ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తులు. గేటు దగ్గర పిల్లలంతా మూగి, ఎవరు ఈవిడ అని అడిగారు. మా పనిమనిషి, అన్నాడు ఈయన.

"మా అమ్మ విన్నది," అన్నాడు కృపాదానం. "నా మొహం వంక ఒకసారి చూసింది. ఆ పిల్లలందరి ముందూ వంగి, 'అవునండీ, అమ్మగారు పంపించారు, తినండి బాబుగారూ' అంది. నాతో. కన్నకొడుకుతో. మిస్ టాండీ, మా భాషలో అది ఎలా ఉంటుందో ఇంగ్లీషులో చెప్పడం నాకు రాదు. నన్ను సర్ అని పిలిచిందనుకోండి. పొత్తులు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ వానల్లోనే పోయింది. కలరా."

అంతే చెప్పాడు. చివర ఒక చేప నడవలేదు, ఒక గడియారం వణకలేదు. హర్షిణి తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. పెంటకుప్ప మీద నుంచి చేరెడు తవుడుకి కొడుకుని కొనుక్కున్న ఆవిడే ఈవిడని ఆ పిల్లకి అప్పుడు తట్టింది.

మిస్ టాండీ కిటికీ వైపు నుంచి మొహం తిప్పింది.

"ఆ బూట్లు," అంది. "ఏ రంగువి?"

కృపాదానం నోరు తెరిచాడు. ఎర్రమట్టి రంగు తోలు, అడుగున హానా స్వయంగా కొట్టిన మేకులు, ఒక్కో బూటుకి పదమూడు. అంతా నాలుక చివరే ఉంది. చిన్నప్పటి నుంచీ అది అలా వచ్చి కూర్చుంటూనే ఉంది. ఆయన నోరు మూసుకున్నాడు.

"తెలీదు, మిస్ టాండీ. అందులో రాయలేదు."

ఆవిడ ఊపిరి పీల్చి వదిలింది. దుప్పటి మీద కాగితాలని తడిమి పైకెత్తింది.

"గుర్తు ఎక్కడుంది?"

అది నున్నటి కాగితం, వేలికి ఏమీ తగలదు. కృపాదానం జేబులోంచి బాల్‌పెన్ను తీసి, ఫారం తిరగేసి మోకాలి మీద పెట్టుకుని, వెనక నుంచి నొక్కి గీశాడు. ఒక గీత పొడుగు, ఒక గీత పొట్టి. మళ్ళీ తిప్పి ఆవిడ చూపుడువేలు దాని మీద పెట్టాడు. వేలు ఆ ఉబ్బు మీద ఒకసారి ఇటూ ఒకసారి అటూ వెళ్ళి, రెండు గీతలూ కలిసే చోట ఆగింది.

"నాన్నకి ఇది ఒక్కటే చూపించారు," అంది. "రెండోది చూపించలేదు."

ఆయన ఆ రెండోదాన్ని ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడు.

"నడిచే వచ్చేది క్రిపా. ఎన్నాళ్ళో ఎవరైనా చెప్పుంటే." ఆవిడ కళ్ళు మూసుకుంది. వేలు మాత్రం తియ్యలేదు. "మళ్ళీ చదువు. మొదటి నుంచి. తేదీతో సహా."

కృపాదానం కళ్ళజోడు తుడుచుకుని, ఊరి బడిలో పలక ముందు కూర్చున్న పిల్లాడిలా, ఒక్క మాట కూడా కలపకుండా, ఒక్క మాట కూడా వదలకుండా చదవసాగాడు.